ఆటోనగర్ చెవులతో గుడ్‌వుడ్: రేసు కార్ల తిరునాళ్ళకు బెజవాడ నుంచి ఎలా వెళ్ళాలి

ముప్పై ఎనిమిదేళ్ళు బెజవాడ ఆటోనగర్‌లో, అరిగిన ఇంజను సిలిండర్లని లోపల సాపు చేసే బోరింగ్ మిషను ముందు నిలబడినవాణ్ణి. లారీ ఇంకా సందు మలుపులో ఉండగానే ఎన్నో సిలిండరు మిస్ కొడుతోందో చెప్పేవాణ్ణని మా కుర్రాళ్ళు ఇప్పటికీ గొప్పగా చెబుతుంటారు. అందులో సగం నిజం. షెడ్డు తాళాలు కొడుక్కిచ్చేశాక, లండన్ దగ్గర ఉంటున్న మా అమ్మాయి "నాన్నా, ఈసారి మ్యూజియాలూ కోటలూ వద్దు, నిన్నో చోటికి తీసుకెళ్తా" అంది. అలా చూశాను గుడ్‌వుడ్ ఫెస్టివల్ ఆఫ్ స్పీడ్. తిరిగొచ్చినప్పటి నుంచి టీకొట్టు దగ్గర కనపడ్డవాడల్లా టికెట్టెంత, వీసా ఎలా, ఏం చూశావ్ అని అడుగుతున్నాడు. విడివిడిగా చెప్పి చెప్పి నోరు నొప్పెట్టింది కాబట్టి ఒక్కసారిగా రాసి పెడుతున్నాను.

ముందే ఒక మాట. రేసు చూడ్డానికి వెళ్తున్నానని అనుకుని వెళ్తే సగం డబ్బు దండగ. ఇంజన్లు వినడానికి వెళ్ళండి. కింద చెప్పేదంతా ఆ లెక్కలోనే చెబుతున్నాను.

అసలు అక్కడ జరిగేదేమిటో తెలుసుకోండి

ఇంగ్లండు దక్షిణాన వెస్ట్ ససెక్స్‌లో రిచ్‌మండ్ డ్యూక్ గారి ఎస్టేటు గుడ్‌వుడ్. మన భాషలో చెప్పాలంటే జమీందారు గారి బంగళా, ఆ బంగళా ముందు నుంచి కొండ మీదకి వెళ్ళే సొంత రోడ్డు. ఇప్పటి డ్యూక్ గారి తాతగారు కార్ల పిచ్చి ఉన్న మనిషి. 1936లో ఆ రోడ్డు మీద ఓ కార్ల క్లబ్బుకి కొండ ఎక్కే పోటీ పెట్టారు. మనవడు 1993లో దాన్ని మళ్ళీ మొదలుపెట్టారు. అప్పటినుంచి ప్రపంచంలో ఏ దేశంలో ఏ రేసు బండి బతికున్నా ఒకనాటికి ఈ కొండకి వస్తుందన్నంత పేరొచ్చింది.

రోడ్డు పొడవు 1.86 కిలోమీటర్లు. అంతే. తొమ్మిది మలుపులు, కింద నుంచి పైకి దాదాపు 93 మీటర్ల ఎత్తు. పక్కపక్కన రెండు బళ్ళు ఎప్పుడూ పోటీ పడవు. గుంటూరు జిల్లాలో ఎడ్ల బండలాగుడు పోటీ చూసినవాళ్ళకి ఇది చిటికెలో అర్థమవుతుంది. బరిలో ఒక్క జతే ఉంటుంది, దాని పోటీ గడియారంతోనే. ఇక్కడా అంతే, ఒక బండి బయల్దేరి పైకి చేరాకే దాని సమయం తెలుస్తుంది. 1999లో నిక్ హైడ్‌ఫెల్డ్ అనే జర్మన్ డ్రైవరు మెక్‌లారెన్ ఫార్ములా వన్ కారులో 41.6 సెకన్లలో ఎక్కాడు. ఆ రికార్డు ఇరవయ్యేళ్ళు నిలబడింది. ఫార్ములా వన్ కార్లు అంత వేగంతో ఇంత సన్నటి రోడ్డు మీద పోవడం ప్రమాదమని, ఆ తర్వాత వాటికి సమయం కొలవడం మానేశారు. 2019లో ఫోక్స్‌వ్యాగన్ వాళ్ళ కరెంటు కారు 39.90కి తెచ్చింది. 2022లో మ్యాక్స్ చిల్టన్ మెక్‌మర్ట్రీ అనే బుల్లి కరెంటు కారులో 39.08 కొట్టాడు. ఆ బండి కింద గాలిని పీల్చేసే ఫ్యాన్లుంటాయి, బండిని అవే నేలకి అతికిస్తాయి. రికార్డు రెండుసార్లూ కరెంటు బళ్ళకే పోయిందంటే నా ప్రాణం కాస్త చివుక్కుమంటుంది కానీ, లెక్క లెక్కే.

టికెట్టు కొనేటప్పుడు పేరు మాత్రం సరిగ్గా చూసుకోండి. అదే ఎస్టేటులో గుడ్‌వుడ్ రివైవల్ అని సెప్టెంబరులో ఇంకోటి జరుగుతుంది. అది కొండ మీద కాదు, 1948లో మొదలై 1966లో మూతబడి 1998లో మళ్ళీ తెరిచిన గుండ్రటి సర్క్యూటు మీద. అక్కడ నిజంగానే పక్కపక్కన రేసులు జరుగుతాయి, చూడ్డానికొచ్చినవాళ్ళు పాతకాలం బట్టలు కట్టుకొస్తారు. అదీ బాగుంటుందట. నేను చెప్పేది జులైలో జరిగే ఫెస్టివల్ ఆఫ్ స్పీడ్ గురించి.

లక్షలు పెట్టే ముందు మద్రాసు వెళ్ళి చూడండి

ఈ శబ్దాలూ ఎండా నిలబడ్డాలూ మీకు పడతాయో లేదో తెలుసుకోవడానికి లండన్ దాకా పోనక్కర్లేదు. బెజవాడలో పొద్దున రైలెక్కితే చెన్నై చేరతారు. అక్కడి నుంచి బెంగుళూరు రోడ్డులో శ్రీపెరుంబుదూరుకి ముందు ఇరుంగాట్టుకోట్టైలో 3.7 కిలోమీటర్ల రేసు ట్రాకు ఉంది. దాన్ని నడిపే మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్బు 1953 నాటిది. ఈ ట్రాకు రాకముందు వాళ్ళ రేసులు షోళవరం విమానాల రన్‌వే మీద జరిగేవి. జాతీయ పోటీలున్న వారాంతం చూసుకుని ఒక రోజు గడపండి. సాయంత్రానికి తలనొప్పి వచ్చి "ఎప్పుడెప్పుడు ఇంటికి పోదామా" అనిపిస్తే మీ లండన్ డబ్బు మిగిలినట్టే.

హైదరాబాదులో 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ పక్కన 'ఫార్ములా-ఈ' అనే కరెంటు కార్ల రేసు జరిగింది గుర్తుందా? ఫ్రాన్సు డ్రైవరు జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. చూసొచ్చిన మా బావమరిది "బావా, డెంటిస్టు దగ్గర డ్రిల్లు పెట్టినట్టుంది" అన్నాడు. దాన్ని చూసి కార్ల రేసులంటే ఇంతేనని తేల్చేయకండి.

రోజు ఎంచుకోవడం, టికెట్టు

పండగ నాలుగు రోజులు, గురువారం నుంచి ఆదివారం దాకా. ఎక్కువగా జులై రెండో వారంలో పడుతుంది. గేటు దగ్గర టికెట్టు కొందామనే ఆలోచనే పెట్టుకోకండి, అన్నీ ముందే ఆన్‌లైనులో అమ్ముడైపోతాయి. శనివారం, ఆదివారం ముందు అయిపోతాయి.

కొండ మీద ఎవరు గెలుస్తారో తేలే ఆఖరి పోటీ ఆదివారం మధ్యాహ్నం. అందుకని జనమంతా ఆదివారం మీద పడతారు. నా మాట వింటే గురువారం తీసుకోండి. జనం పల్చగా ఉంటారు, బళ్ళ దగ్గర నిలబడి మాట్లాడే తీరిక మెకానిక్కులకి ఉంటుంది. డబ్బులుంటే గురువారం, ఆదివారం రెండూ తీసుకోండి. మేమలాగే చేశాం. ఒక్క రోజే కొనగలిగితే ఆదివారం వదిలేయండి.

రెండు రోజులు కొనడానికి ఇంకో కారణం వాతావరణం. 2023లో శనివారం ఈదురు గాలులు బలంగా వీస్తాయని ఆ రోజు మొత్తం రద్దు చేశారు. పండగ పుట్టిన ముప్పై ఏళ్ళలో అలా జరగడం అదే మొదటిసారి. బెజవాడ నుంచి అంత దూరం పోయి ఒక్క రోజు టికెట్టుతో అలాంటి రోజున ఇరుక్కుంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

గ్యాలరీలో కుర్చీకి వేరే డబ్బులు. మోకాళ్ళు పట్టేసినవాళ్ళు తీసుకోండి, మిగతావాళ్ళకి అనవసరం. మామూలు టికెట్టుతోనే బళ్ళు నిలిపే పాడక్‌లోకి వెళ్ళొచ్చు. ఈ పండగలో అసలు సరుకంతా అక్కడే ఉంది. ఫార్ములా వన్ రేసులో అయితే పాడక్ గేటు దాటాలంటే మనలాంటివాళ్ళ ఆస్తులు చాలవు.

వీసా, విమానం, మిగతా ప్రయాణం

ఇక్కడ తిరకాసు ఒకటుంది. మామూలు సందర్శకుల వీసాకి ప్రయాణానికి మూడు నెలల ముందు నుంచే దరఖాస్తు చేయొచ్చు. అంటే జులై పండక్కి ఏప్రిల్‌లో. అప్పటికి మంచి రోజుల టికెట్లు ఉంటాయో లేదో. అందుకని పండగ టికెట్టు ముందు కొనేయండి. వీసా రాకపోతే ఆ డబ్బు పోయిందనుకోవాలి లేదా అక్కడున్న మీవాళ్ళెవరో వెళ్ళాలి. విమానం టికెట్టు మాత్రం వీసా చేతికొచ్చాకే.

దరఖాస్తు ఆన్‌లైనులో నింపి, వేలిముద్రలకి హైదరాబాదు వెళ్ళిరావాలి. మామూలుగా మూడు వారాల్లో జవాబొస్తుంది. మనవాళ్ళు బ్యాంకులో ఒక్కసారిగా పది లక్షలు వేసి స్టేట్‌మెంటు చూపిస్తుంటారు, ఆ పని చేయకండి. ఆ డబ్బు ఎక్కడిదని అడుగుతారు. ఆరు నెలల లావాదేవీలు, ఆదాయపు పన్ను కాగితాలు, షాపు కాగితాలు, తిరిగి రావడానికి ఇక్కడ మీకేమున్నాయో చూపే ఆధారాలు, ఇవే ముఖ్యం. పొలం పాసుపుస్తకం లాంటివి తెలుగులో ఉంటే ఇంగ్లీషులోకి అనువాదం చేయించి, అనువాదం చేసినవాళ్ళ సంతకంతో జతపరచాలి. అమ్మాయో అబ్బాయో అక్కడుంటే వాళ్ళ ఉత్తరం పెట్టండి. "ఎందుకొస్తున్నారు" అన్నచోట కూతుర్ని చూడ్డానికి, గుడ్‌వుడ్ పండక్కి అని ఉన్నదున్నట్టు రాశాను. ఇబ్బందేం రాలేదు.

శంషాబాదు నుంచి లండన్ హీత్రూకి నేరుగా విమానముంది. లండన్ విక్టోరియా స్టేషన్లో రైలెక్కితే గంటన్నరలో చిచెస్టర్. పండగ రోజుల్లో అక్కడి నుంచి గుడ్‌వుడ్‌కి బస్సులు తిప్పుతారు. కారులోనూ వెళ్ళొచ్చు, పొలాల్లోనే పార్కింగు. కానీ సాయంత్రం అందరూ ఒక్కసారే బయల్దేరితే దసరా మూలా నక్షత్రం నాడు కెనాల్ రోడ్డు ఎలా ఉంటుందో అలా ఉంటుంది. చిచెస్టర్‌లో ఆ వారం గదుల రేట్లు చూస్తే కళ్ళు తిరుగుతాయి. పోర్ట్స్‌మత్, వర్దింగ్, బ్రైటన్ అన్నీ అదే సముద్రపొడ్డు రైలు లైను మీదున్నాయి, అక్కడ వెతకండి.

బయల్దేరే ముందు రంగులు కంఠస్థం చేయండి

ఇది మా అల్లుడు చెప్పిన చిట్కా. రేసులు మొదలైన రోజుల్లో బండి మీద ప్రకటనలుండేవి కావు. ఏ దేశానిదో ఆ దేశం రంగు వేసేవాళ్ళు. ఫ్రాన్సు నీలం, ఇటలీ ఎరుపు, బెల్జియం పసుపు, జర్మనీ మొదట తెలుపు, తర్వాత వెండి, అమెరికా తెలుపూ నీలం, జపాన్ దంతపు తెలుపు మీద ఎర్రటి సూర్యబింబం. ఇవి తెలిస్తే బోర్డు చదవకుండానే సగం బళ్ళ ఊరూ పేరూ చెప్పేయొచ్చు.

ఇంగ్లీషువాళ్ళ ఆకుపచ్చ వెనక ఓ కథ ఉంది. 1902లో గోర్డన్ బెన్నెట్ పోటీ వాళ్ళు గెలిచారు, గెలిచిన దేశం మరుసటేడు రేసు జరపాలి. ఇంగ్లండులో రోడ్ల మీద రేసులు నిషేధం. దాంతో 1903లో ఐర్లండులో జరిపారు. ఆ పచ్చటి దేశానికి మర్యాదగా బళ్ళకి ఆకుపచ్చ వేశారు, అదే ఉండిపోయింది. జర్మనీ వెండి రంగు గురించి ఇంకో కథ చెబుతారు. 1934లో మెర్సిడెస్ బండి పరిమితి కంటే ఒక్క కిలో బరువు తూగిందనీ, రాత్రికి రాత్రి తెల్ల పెయింటు గీకేస్తే కింది అల్యూమినియం మెరిసిందనీ. చరిత్ర తవ్వినవాళ్ళు చాలామంది ఇది నిజం కాదంటారు. పెయింటు గీకి కిలో తగ్గించడం గురించి మా ఆటోనగర్ డెంటింగు మేస్త్రిని అడిగితే "ఎన్ని పూతలు వేశార్రా బాబూ" అన్నాడు.

సయాం యువరాజు బిరా అని ఒకాయన, ఇప్పటి థాయ్‌లాండు. లేత నీలం బండి, పసుపు చక్రాలు. ఆ రోజుల్లో ఆసియా నుంచి వెళ్ళి యూరపువాళ్ళని ఓడించిన మనిషి. ఆ నీలం బండి ఎక్కడైనా కనిపిస్తే ఆగి చూడండి. 1968లో సిగరెట్ కంపెనీ రంగులతో లోటస్ వాళ్ళు దిగాక దేశాల రంగులు మెల్లగా పోయాయి. ఇప్పుడు డ్రైవరు పేరు పక్కన చిన్న జెండా బొమ్మే దిక్కు.

సంచిలో పెట్టుకోవాల్సినవి

చెవుల్లో పెట్టుకునే దూది లాంటి ప్లగ్గులు, పిల్లలుంటే చెవుల మీద బిగించే పెద్దవి. నడిచి నడిచి అరిగిన పాత బూట్లు. నేను కొత్త తోలు బూట్లు వేసుకెళ్ళి మధ్యాహ్నానికి గడ్డిలో సాక్సులతో కూర్చున్నాను. పొద్దున చలి, మధ్యాహ్నం ఎండ, మధ్యలో ఓ జల్లు. కాబట్టి రెయిన్‌కోటు కావాలి, గొడుగు వద్దు, మీరు గొడుగు తీస్తే వెనక వరసకి కనపడదు. తిండి లోపల దొరుకుతుంది కానీ ఖరీదు. మా ఆవిడ పులిహోర కట్టింది, చెట్టు కింద కూర్చుని తిన్నాం. ఇక్కడి నుంచి ఆ దేశానికి పాలతో చేసినవి తీసుకెళ్ళనివ్వరు, పాలకోవా నెయ్యి సంచిలోంచి తీసేయండి. ఆవకాయకి అడ్డులేదు, మూత గట్టిగా బిగించండి చాలు.

గేటు తీయగానే పాడక్‌కే

జనమంతా పొద్దున్నే రోడ్డు పక్క చోటు కోసం పరుగెడతారు. మీరు అటు పోకండి. తిన్నగా పాడక్‌కి పదండి. మొదటి బ్యాచ్ బయల్దేరకముందు చల్లటి ఇంజన్లు స్టార్టయ్యేది అప్పుడే, అక్కడే.

ముందు ఫార్ములా వన్ బళ్ళ దగ్గర ఆగండి. మన లారీలాగా తాళం తిప్పితే లేచే రకం కాదు. పిస్టనుకీ సిలిండరుకీ మధ్య సందు ఎంత తక్కువంటే, చల్లగా ఉన్నప్పుడు అది బిగుసుకుని ఉంటుంది. అందుకని బయటి నుంచి వేడి నీళ్ళు ఇంజను చుట్టూ తిప్పి, లోహం సాగాక అప్పుడు స్టార్టరు పెడతారు. ఆ పైపులు తగిలించినప్పటి నుంచి చూడండి. బోరు, అంటే సిలిండరు లోపలి వెడల్పు, మైక్రోమీటరుతో కొలిచి బతికినవాణ్ణి, నాకు అది చూస్తుంటే ఒళ్ళు జలదరించింది. పది సిలిండర్ల కాలం నాటి ఇంజన్లు నిమిషానికి 18 వేల చుట్లు పైన తిరిగేవి. మన డీజిలు లారీ రెండున్నర వేలు దాటితే డ్రైవర్ని తిడతాం.

ఒకసారి ఈ లెక్క చూడండి. టాటా 697 ఇంజను మన ఆటోనగర్ అంతటికీ తెలుసు. ఆరు సిలిండర్లు, 97 మిల్లీమీటర్ల బోరు, 128 స్ట్రోకు (పిస్టను కిందికీ పైకీ కదిలే దూరం), మొత్తం 5.7 లీటర్లు. 1911 నాటి ఫియట్ ఎస్76 అని ఒక ఇటలీ రాక్షసి ఉంది. నాలుగే సిలిండర్లు, బోరు 190, స్ట్రోకు 250, మొత్తం 28 లీటర్ల పైన. అంటే దాని ఒక్క సిలిండరు మన లారీ ఇంజను మొత్తం కంటే పెద్దది. చైను మీద నడుస్తుంది, పక్కనున్న పొగగొట్టాల్లోంచి మంటలొస్తాయి. 2015లో అది ఈ కొండ ఎక్కింది. దానికి పూర్తి తిరగేత ఇంగ్లీషువాళ్ళ బీఆర్ఎం. 1950 నాటిది, ఒకటిన్నర లీటరు ఇంజనులో పదహారు సిలిండర్లు కుక్కారు. ఒక్కోటి 93 సీసీ, మన స్ప్లెండరు ఇంజను కంటే చిన్నది. అలాంటివి పదహారు, నిమిషానికి పన్నెండు వేల చుట్లు తిరుగుతూ, గాలిని ఒత్తి లోపలికి నెట్టే సూపర్‌చార్జరుతో. రికార్డింగులో వింటేనే పళ్ళు జివ్వుమంటాయి.

ఇక 1991లో లె మాన్స్ 24 గంటల రేసు గెలిచిన జపాన్ మాజ్దా 787బి. నారింజ, ఆకుపచ్చ రంగులు, నంబరు 55. దాంట్లో పిస్టనే లేదు. మూడు మూలల రోటర్లు నాలుగు గిర్రున తిరుగుతాయి. బోరింగ్ చేయడానికి సిలిండరే లేని ఇంజను రేసు గెలిచిందంటే నా వృత్తికే అవమానం. శబ్దం మాత్రం ఏడిపించేంత బాగుంటుంది. ఏ ఏడాది ఏ బండి వస్తుందో జాబితా ముందే ప్రకటిస్తారు. పైన చెప్పినవన్నీ ఒకే ఏడు రావు కాబట్టి చూసుకుని వెళ్ళండి.

చెవితో పాటు ముక్కు కూడా పెట్టండి. 1930ల బళ్ళ మధ్య నిలబడితే తెలిసిన వాసనేదో తగులుతుంది. ఆముదం. చిన్నప్పుడు అమ్మ ముక్కు మూసి తాగించిన ఆ ఆముదమే. వేడిని బాగా తట్టుకుంటుందని పాత రేసింగు నూనెల్లో వాడేవాళ్ళు, కాస్ట్రాల్ పేరు కూడా ఆముదానికి ఇంగ్లీషు మాటైన కాస్టర్ నుంచి పుట్టిందే. కొన్నిటి నుంచి కళ్ళు మండే వాసనొస్తే అది మిథనాలు ఇంధనం, కాస్త దూరం జరగండి.

మెకానిక్కులతో మాట్లాడాలనుంటే ఈ మర్యాదలు పాటించండి. బండి మీద చెయ్యి వేయకండి, తల లోపలికి పెట్టకండి. ప్లగ్గు బిగించేవాణ్ణి, కార్బురేటరు సరిచేసేవాణ్ణి పలకరించకండి, పని అయ్యేదాకా ఆగండి. మన షెడ్డులో పని మధ్యలో వచ్చి "ఎంతసేపవుద్ది" అనేవాడంటే మనకెంత మంటో వాళ్ళకీ అంతే. ఖాళీ అయ్యాక "దీని ధర ఎంత" అని మాత్రం అడగకండి, మొహం తిప్పేసుకుంటారు. "హెడ్డు గాస్కెట్టు ఎక్కడ దొరుకుతుంది" అని అడగండి. దొరకదు, వాళ్ళే తయారుచేసుకుంటారు, అదెలాగో అరగంట చెబుతారు. నా ఇంగ్లీషు అంతంతమాత్రం. ఒక పాత బుగాటీ దగ్గర తెల్లగడ్డం మేస్త్రి ఉంటే, నేను అరచెయ్యి సిలిండరులా చుట్టి వేలితో లోపల గీత గీసినట్టు చూపించి నా గుండె మీద తట్టుకున్నాను. ఆయన నవ్వి, వెనక పెట్టెలోంచి పాత పిస్టను తీసి నా చేతిలో పెట్టాడు. మా అల్లుడు ఫొటో తీశాడు. ఆ ఫొటో ఇప్పుడు షెడ్డులో దుర్గమ్మ పటం పక్కనే ఉంది.

రోడ్డు పక్కన ఎక్కడ నిలబడాలి

పది గంటలు దాటాక పాడక్‌లో గుంపు పెరుగుతుంది, అప్పుడు బయటికి రండి. స్టార్టు లైను దగ్గర టైర్ల పొగ బాగుంటుంది, పిల్లలకి నచ్చుతుంది. బంగళా ముందు భారీ శిల్పం ఒకటి ఉంటుంది, ఉక్కుతో చేసి పైన నిజమైన కార్లు అతికిస్తారు. ఏడాదికొకటి కొత్తది. వాటిని చాలా ఏళ్ళు చేసిన జెరీ జూడా కలకత్తాలో పుట్టినవాడు.

నిజంగా డ్రైవింగు చూడాలంటే కొండ మీదకి నడవండి. మోల్‌కోంబ్ అనే ఎడమ మలుపు ఉంది, రోడ్డు గుట్ట దాటి కిందికి జారాక హఠాత్తుగా వస్తుంది, గడ్డిమోపుల్లోకి దూరే బళ్ళు ఎక్కువ అక్కడే. ఇంకొంచెం పైన చెకుముకి రాళ్ళ గోడ, రోడ్డుని ఆనుకునే ఉంటుంది. అక్కడ బండి గోడకి ఎంత దగ్గరగా పోతుందో చూస్తే ఊపిరి ఆగుతుంది. నడవగలిగితే ఇంకా పైకి, అడవిలో ర్యాలీ బళ్ళ మట్టి రోడ్డు ఉంది. 2005లో ఫిన్లండు డ్రైవరు హన్ను మికోలా గీసిచ్చిన దారి అది. జనం తక్కువ, దుమ్ము ఎక్కువ.

తాడు దాటకండి, రోడ్డు పక్కన కాపలా ఉండే మార్షల్ చెయ్యి ఊపితే మారు మాట్లాడకుండా జరగండి. ఎందుకంటే 2000 సంవత్సరంలో ఇదే కొండ మీద ఒక బండి అదుపు తప్పి డ్రైవరూ, ఒక మార్షలూ చనిపోయారు.

డ్రైవర్లు కనిపిస్తే

ఇక్కడ పెద్ద పెద్ద డ్రైవర్లు మామూలు మనుషుల్లా మన మధ్య నుంచే నడిచిపోతారు. మన నోయిడా ట్రాకు మీద 2011, 2012, 2013లో జరిగిన మూడు రేసులూ గెలిచిన వెటెల్, 2022లో ఇక్కడికి వచ్చి ఇంగ్లీషు డ్రైవరు మాన్సెల్ 1992లో నడిపిన రకం విలియమ్స్ కారు, తాను కొనుక్కున్నదాన్ని తోలాడు. అదీ పెట్రోలు బదులు కాలుష్యం లెక్కకి రాని ఇంధనంతో. సంతకం కావాలంటే పుస్తకం, పెన్ను చేతిలో సిద్ధంగా పెట్టుకోండి, ఒకే సంతకం అడగండి, పదిమందికి పది అడగకండి. మన దేశపు డ్రైవర్లు ఫార్ములా వన్‌లో ఇప్పటికి ఇద్దరే నడిపారు. 2005లో జోర్డాన్ జట్టుతో మొదలుపెట్టిన కోయంబత్తూరు నారాయణ్ కార్తికేయన్ మొదటివాడు. చెన్నై కరుణ్ చంధోక్ 2010లో వచ్చాడు. చంధోక్ గుడ్‌వుడ్‌కి బాగా అలవాటైన మనిషి, కనిపిస్తే తమిళంలో "వణక్కం" అనండి, తిరిగి చూస్తాడు.

వెళ్ళలేనివాళ్ళు

నాలుగు రోజులూ యూట్యూబులో ఉచితంగా ప్రత్యక్ష ప్రసారం చేస్తారు. వాళ్ళకీ మనకీ జులైలో నాలుగున్నర గంటల తేడా, వాళ్ళ పొద్దున తొమ్మిదంటే మనకి మధ్యాహ్నం ఒకటిన్నర. ఫోను స్పీకరులో మాత్రం వినకండి, దోమ పాడినట్టుంటుంది. పెద్ద స్పీకరుకి తగిలించండి. మా షెడ్డులో ఆదివారం నాడు మిషన్లు ఆపేసి, తెర వైపు వీపు పెట్టి కూర్చుంటాం. శబ్దం విని ఎన్ని సిలిండర్లో చెప్పాలి, చెప్పాకే తిరిగి చూడాలి. తప్పు చెప్పినవాడు ఆ సాయంత్రం అందరికీ పునుగులు తెప్పించాలి. పోయినసారి ఓ ఎర్ర ఇటలీ బండికి నేను పన్నెండన్నాను. ఎనిమిదట. పునుగులు నావే.